తపాలాలో వచ్చు కొసరు



క్రిందటి మాసమున చింతపండు నిలువచేయు విధమును గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున ఒక అట్టముక్కను గూర్చి వ్రాయుచున్నాము. రెండంగుళముల పొడవు, ఒక అంగుళము వెడల్పు. దానిపై నల్లని నిలువుగీతలు, వాని క్రింద కొన్ని అంకెలు. అంతకు మించి దానిలో ఏమియు లేదు. అయినను ఆ ముక్క సమయమునకు దొరకకపోవుటచే ఒక నేతగాని ఇల్లాలికి వేయి రూపాయలు నష్టము వచ్చినది. ఆ నష్టమునకు మా మాటయు కొంత కారణము. కావుననే ఈ సంగతిని మేము మరువలేకున్నాము. దీని లోగుట్టు తెలిసికొన్నంతవరకు మీ యెదుట పెట్టుచున్నాము.

మా పుట్టినిల్లు ధర్మవరము, మెట్టినిల్లు పెనుకొండ. మావారు హిందూపురమున ఉపాధ్యాయులగుటచే కాపురము అచ్చట. మూడూళ్ళును బెంగుళూరు పోవు ఒకే రైలుదారి మీద ఉండుటచే, ఏ యూరి ముచ్చట ఆ యూరిలోనే ఆగక మూడిండ్లలోను వినబడుచుండును. 2022వ సంవత్సరపు వేసవిలో మేము ధర్మవరమున ఉండగా, మా నాన్నగారి వీధిలోని ఒక ఇల్లాలు చేతిలో రంగుల కాగితముతో మా యింటికి వచ్చినది. ఆమె భర్త పట్టుచీరలు నేయును. ఆమె కండెలు చుట్టి ఇచ్చును. కుమార్తె ఇంటర్మీడియటు ముగించి రవికలు కుట్టుట నేర్చుకొన్నది. ఇంట కుట్టుమిషను ఒకటి ఉన్నచో నేతకూలితోపాటు కుట్టుకూలియు ఇంటికే వచ్చునని వారి యాశ. ఆ కాగితముపై మిషను బొమ్మ, దాని ప్రక్కన పెద్ద అక్షరములతో “8,000 మాత్రమే” అని ఉన్నది.

“అక్కా, మావద్ద సరిగా ఎనిమిదివేలున్నవి. ఇందులో ఉన్నది నిజమేనా? కొంచెము చదివి చెప్పవా?” అని ఆమె అడిగినది.

చదివితిమి. పెద్ద అక్షరముల క్రింద చీమలబారువలె చిన్న అక్షరములు కలవు. అంగడిలో చెల్లించవలసినది 9,000 రూపాయలు. పిమ్మట ఒక పత్రమును పూరించి పంపినవారికి, మిషను చేసినవారు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయుదురు. అంతయు ఆంగ్లమున ఉన్నది. మేము మా నాన్నగారివద్ద చదివినవి కావ్యములు, వ్యాకరణము. ఆంగ్లము పెండ్లియైన పిమ్మట మావారివద్ద కొంత నేర్చితిమి. ఆ కొంతను నమ్ముకొని, “డబ్బు తిరిగి వచ్చును, కొనుక్కొనుము” అని ధైర్యము చెప్పితిమి. ఆమెకును ఇది వింతగా తోచలేదు. ముడిపట్టు పూర్తి ధరకు కొని, ప్రభుత్వపు రాయితీ పిమ్మట ఖాతాలో పడుటకై ఎదురుచూచిన అనుభవము ధర్మవరపు నేతవారికి కలదు. పొరుగింట వేయి రూపాయలు బదులు తెచ్చి ఆమె మిషను కొన్నది.

పత్రముతో జతపరచవలసినవి మూడు: అంగడి బిల్లు, బ్యాంకు పుస్తకపు మొదటి పుట నకలు, అట్టపెట్టె నుండి కత్తిరించిన ఆ నల్లగీతల ముక్క. కొన్ననాటి నుండి పదునైదు దినములలో వేరొక రాష్ట్రమందలి చిరునామాకు తపాలాలో పంపవలెను. మేము పత్రము పూరింప కూర్చుండునప్పటికి ఆమె చిన్నకుమారుడు అట్టపెట్టెను ఎడ్లబండిగా మార్చివేసినాడు. గీతలున్న వైపు చక్రములైనది. వానిని వెదకి తెచ్చి అతికించితిమి. బిల్లేమో భర్త పేర, బ్యాంకు ఖాతా భార్య పేర ఉన్నవి. అంగడికి పోయి బిల్లు మార్పించి, జిరాక్సులు తీయించి పంపునప్పటికి పదునెనిమిదవ దినమైనది. రెండు నెలలకు ఒక జాబు వచ్చినది. దరఖాస్తు నిబంధనల ప్రకారము లేదని అందులో ఒక్క వాక్యము.

ఆ సంస్థ పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. వారి నిబంధనలన్నియు ఆ కాగితముపైననే ఉన్నవి. శకుంతల కథ మీరెరుగుదురు గదా! ఉంగరము వ్రేలనున్నంతవరకు ఆమె మాటకు ఆధారముండెను. అది నీటిలో జారినంతనే రాజు ఆమెను ఎరుగననెను. మన కాలమున బిల్లును, అట్టముక్కయును ఆ ఉంగరము వంటివి. భేద మొక్కటే. ఆ కథలో మరపు కలిగినది రాజునకు. ఈ వ్యవహారమున మరపు కలుగవలసినది మనకు. మనము మరచినకొలది అవతలివారికి లాభము. ఇది ఎట్లో వివరించెదము.

మన పెద్దల కాలమున కొసరు అనునది ఉండెడిది. నేటికిని సంతలో కలదు. చింతపండు తూచిన పిమ్మట అమ్మునామె ఒక చిన్నముద్దను పైన వేయును. అది మన కన్నులయెదుటనే మన సంచిలో పడును. దానికి పత్రము లేదు, గడువు లేదు. హిందూపురపు పట్టుగూళ్ళ మార్కెట్టులో రైతు తెచ్చిన గూళ్ళకు వేలము జరుగును. ఆ దినపు ధర ఆ దినమే అందరికిని తెలియును. ఆషాఢమున పెండ్లిండ్లు లేనందున చీరల అంగళ్ళవారు ధర తగ్గింతురు. కారణము మనకు తెలియును, తగ్గినది బిల్లుపైననే కనబడును. ఈ క్రొత్త కొసరు అట్టిది కాదు. ముందు పూర్తి ధర తీసికొందురు. పిమ్మట మనము వ్రాసి, కత్తిరించి, అతికించి, పంపి, ఎదురుచూచినచో కొంత తిరిగి యిత్తురు. ఇచ్చు ఉద్దేశమే ఉన్నచో అంగడిలోనే ఆ వేయి తగ్గింపరాదా అని ఎవరికైనను తోచును. ఆ ప్రశ్నకు ఒక సమాధానము కాదు, పెక్కు సమాధానములు కలవు.

మొదటిది లెక్క. నూరు మిషనులు అమ్మబడినవనుకొందము. అంగడిలోనే వేయి తగ్గించినచో లక్ష రూపాయలు చేయివిడుచును. తపాలా పద్ధతిని పెట్టి, నూరుగురిలో నలుబదిమంది మాత్రమే సరిగా పంపిరనుకొందము. అప్పుడు విడుచునది నలుబదివేలు. అనగా ఒక్కొక్క మిషనుపై సగటున నాలుగువందలే తగ్గినది. కాని వేయి తగ్గినదన్న ఆశ మాత్రము నూరుగురిని అంగడికి రప్పించినది. కొనునప్పుడు మన మనస్సు ఎనిమిదివేలనే చూచును, చేయి తొమ్మిదివేలిచ్చును. ఈ రెంటి నడుమనున్నదే వారి లాభము. ఎవరును అడుగక మిగిలిపోవు ఈ సొమ్మునకు వర్తకుల పరిభాషలో బ్రేకేజి అని పేరు. పైన చెప్పిన నలుబది మేము ఉదాహరణకై వేసికొన్న అంకె. వస్తువును బట్టి, తిరిగివచ్చు మొత్తమును బట్టి అది మారును. మొత్తము చిన్నదైనకొలది శ్రమపడి పంపువారు తగ్గుదురని వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది, ధరను నిలుపుకొనుట. మన దేశమున పొట్లముపై గరిష్ఠ చిల్లరధర ముద్రింపవలెనని నియమము కలదు. ధరను ఒకసారి తగ్గించి మరల పెంచినచో జనులు గొణుగుదురు. వస్తువునకు గౌరవమును తగ్గును. తిరిగి యిచ్చు పద్ధతిలో ముద్రించిన ధర అట్లే ఉండును. పాత సరకు పోయిన పిమ్మట, “గడువు ముగిసినది” అని ఒక్క మాటతో తగ్గింపును నిలుపవచ్చును.

మూడవది, తయారీదారునకును అంగడివానికిని నడుమ నున్న అపనమ్మకము. తయారుచేయువారు టోకు ధరలో వేయి తగ్గించినచో, ఆ తగ్గింపు కొనువారిదాక వచ్చునో, నడుమనే ఆగునో వారికి తెలియదు. నేరుగా మన ఖాతాలో వేసినచో అది మనకే చేరును. ఈ కారణము న్యాయమైనదే. దానివెంట మరియొక లాభమును వారికి కలదు: మన పేరు, చిరునామా, ఫోను సంఖ్య వారి పుస్తకమునకు ఎక్కును. సామాన్యముగా మిషను చేసినవారికి మనమెవరమో తెలియదు; మనమే పత్రము నింపి తెలుపుచున్నాము. సొమ్ము తిరిగి వచ్చువరకు రెండుమూడు నెలలు అది వారియొద్దనే వడ్డిలేని అప్పుగా నుండును.

అంగడివారి కారణము వేరు. వారు డబ్బును తిరిగి యియ్యక, మరల వచ్చినప్పుడు చెల్లునట్లు ఒక చీటినిత్తురు. ఐదువందల చీటి యున్నదని పోయి, రెండువేల వస్తువుతో తిరిగివచ్చినవారిని మీరును చూచియుందురు. తపాలా పోయి ఫోను వచ్చిన ఈ దినములలో క్యాష్‌బ్యాక్ పేర వచ్చునదియు ఈ జాతిదే. చీటి కాగితమైనను, ఫోనులోని అంకెయైనను, దానికి గడువుండును. గడువు దాటినచో మిగులు వారిది.

నాలుగవది అన్నిటికంటె లోతైనది. ఒకే వస్తువును ఇద్దరికి రెండు ధరలకు అమ్ముట వర్తకులకు ఎప్పుడును ఇష్టమే. పూర్వము చీరల అంగడిలో కూర్చున్నవాడు వచ్చినవారి చెవికమ్మలను, చెప్పులను చూచి ధర చెప్పెడివాడు. బేరమాడినవారికి ఒక ధర, ఆడనివారికి మరియొకటి. ధర ముద్రించిన వస్తువునకు ఆ వీలు లేదు. అందుచే బేరమును నోటితో కాక కాగితముతో చేయించుచున్నారు. వేయి రూపాయలు ముఖ్యమైనవారు శ్రమపడి పంపుదురు, వారికి 8,000. లెక్కలేనివారు పంపరు, వారికి 9,000. అర్థశాస్త్రము చదివినవారు దీనిని సమర్థించుచు, కలవారు ఎక్కువ యిచ్చుటచే లేనివారికి తక్కువకు దొరకుచున్నది గదా అందురు. వినుటకు బాగుగనే యున్నది. మేమును ఆ కోణమును త్రోసివేయము. ఓపికతో పంపి డబ్బు పొందినవారు మా బంధువులలోనే కలరు.

కాని ధర్మవరపు వీధిలో చూచినది వేరు. ఆ వేయి రూపాయలు ఎవరికి మిక్కిలి ముఖ్యమో వారికే అవి రాలేదు. పత్రము ఆంగ్లమున నున్నది. బ్యాంకు పేరు, బిల్లు పేరు కలియలేదు. జిరాక్సునకు పోయినచో ఆ పూట కండెలు సాగవు. అవసరము గలవారిని ఏరుటకు పెట్టిన జల్లెడ, ఆచరణలో చదువును తీరికయును గలవారిని ఏరుచున్నది. ఉద్యోగస్తుల యింట ఈ పత్రము ఒక సాయంకాలపు పని. నేతగాని యింట అది మూడు దినముల కూలి. అందుచే పేదవారు పూర్తి ధర యిచ్చి, చదివినవారి తగ్గింపునకు తామే దాతలగుచున్నారు. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

ఈ పద్ధతి మిక్కిలి ప్రబలిన దేశము అమెరికా. మా పినతల్లి కుమారుడు చదువునకై అక్కడికి పోయిన తొలి సంవత్సరములలో నలుగురు తెలుగు విద్యార్థులు ఒక గదిలో నుండిరట. నవంబరు మాసాంతమున థ్యాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు తెల్లవారుజామున అంగళ్ళ ముందు వరుసలో నిలిచి కంప్యూటరు సామగ్రి కొని, సాయంకాలము నలుగురును కత్తెరలు పట్టుకొని అట్టపెట్టెల చుట్టు కూర్చుండెడివారట. హరిశ్చంద్రుని వెంటబడిన నక్షత్రకునివలె నెలలతరబడి ఆ కంపెనీల వెంటబడితిమని అతడు నవ్వుచు చెప్పెను. అక్కడివారును విసిగిరి. 2005లో బెస్ట్ బై అను గొప్ప అంగళ్ళ సంస్థ, తపాలా రిబేట్లను రెండేండ్లలో ఎత్తివేసెదమని ప్రకటించినది. 2006లో ఆఫీస్‌మ్యాక్స్ అను సంస్థయు వానిని మానుకొన్నది. 2005లోనే కంప్యూఎస్‌ఏ అను కంప్యూటరు అంగళ్ళ సంస్థపై, ప్రకటించిన రిబేట్లు కొనుగోలుదారులకు అందకపోవుటను గూర్చి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను చర్య తీసికొన్నది. కనెక్టికట్ రాష్ట్రపు నియమము ఇంకను సూటియైనది: అంగడివాడు రిబేటు పోగా మిగులు ధరను ప్రకటించినచో, ఆ రిబేటును అమ్మునప్పుడే ఇయ్యవలెను. పెద్ద అక్షరములతో “8,000 మాత్రమే” అని వ్రాసినవారు ఎనిమిదివేలే పుచ్చుకొనవలెనన్నమాట. ఇంత జరిగినను కారు టైర్లు, కంటిలో పెట్టుకొను అద్దములు మొదలగువానికి అక్కడ ఈ పద్ధతి నేటికిని కలదు.

కార్లకును దీనికిని పాత సంబంధము కలదు. 1975లో అమ్మకములు పడిపోయి సరకు పేరుకొన్నప్పుడు క్రైస్లర్ సంస్థ, కారు కొన్నవారికి కొంత సొమ్ము తిరిగి యిచ్చెదమని ప్రకటించినది. తక్కిన సంస్థలును ఆ దారి పట్టినవి. ఈ మాట మా అత్తవారి యూరికి దూరమైనది కాదు. 1565 నాటి యుద్ధము పిమ్మట విజయనగర రాజులు తలదాచుకొన్న పెనుకొండకు చేరువలో, ఎర్రమంచి యొద్ద, కియా కార్ల కర్మాగారము వెలసినది. 2019 నుండి అక్కడ తయారైన కార్లు దేశమంతటికి పోవుచున్నవి. ఏ సంస్థ కారునైనను కొనబోయినవారికి, చెప్పిన ధర యొకటి, పాత కారు మార్పిడికింత, ఉద్యోగమును బట్టి యింత, మాసాంతమునకింత అని తగ్గింపులు వేరువేరుగా వినబడుచుండును. ముద్రించిన ధర చెదరదు. అడిగినవారికి అడిగినంత తగ్గును. కుట్టుమిషను కథయే పెద్ద చక్రములతో నడచుచున్నది.

ముందు పూర్తి ధర యిచ్చి పిమ్మట కొంత పొందుట యంతయు మోసమేనని మేము చెప్పబోము. మన వంటింటి గ్యాసుబండ సంగతి తలచుకొనుడు. 2013 జూన్ 1వ తేదీన కొన్ని జిల్లాలలో రాయితీని నేరుగా బ్యాంకు ఖాతాలో వేయు పద్ధతి మొదలైనప్పుడు, మన మూడూళ్ళును ఉండిన అనంతపురము జిల్లా వానిలో ఒకటి. అంతకుముందు ఇంటికిచ్చు చౌకబండలు హోటళ్ళకు జారుచుండెను. ధర అందరికి ఒకటే చేసి, రాయితీని ఇంటివారి ఖాతాకే పంపినచో ఆ దొంగదారి మూతపడునని ఏర్పాటు చేసిరి. తొలినాళ్ళలో కష్టములు లేకపోలేదు. పెనుకొండలో మా అత్తగారు ఆధారు సంఖ్య ఖాతాకు జతపడినదో లేదో చూచుటకు బ్యాంకునకు ఎన్నిమారులు తిరిగిరో లెక్కలేదు. 2014 ఆరంభమున ఆ పద్ధతిని నిలిపి, ఆధారు లేనివారికిని ఖాతాలో పడునట్లు మార్చి, అదే సంవత్సరము నవంబరు 15న మరల మొదలుపెట్టిరి. 2015 జనవరి 1 నుండి దేశమంతట విస్తరించిరి. ఇందులో గమనింపవలసినది ఒకటి. ఒకసారి పేరు జతపడిన పిమ్మట ప్రతి బండకును పత్రము పంపనక్కరలేదు, అట్టముక్క కత్తిరింపనక్కరలేదు. మనము మరచినంతమాత్రమున సొమ్ము ఆగదు. మరపుపై లాభము గణించు పద్ధతికిని, సొమ్మును సరియైన చేతికి చేర్చు పద్ధతికిని భేదము ఇచ్చటనే తెలియును.

ఖద్దరు అంగళ్ళలోని గాంధీజయంతి రిబేటు మరియొక రకము. అచ్చట కొనువారికి తగ్గింపు బల్లపైననే దొరకెడిది. బిల్లులను కట్టగట్టి ప్రభుత్వమునకు పంపి సొమ్మునకై ఎదురుచూచువారు అమ్మిన సంస్థలవారు. చేనేత సహకార సంఘముల రిబేటుకును అదే కథ. శ్రమయు, నిరీక్షణయు కొనువారి నుండి నేయువారి వైపు పోయినవి. 2010లో కేంద్రప్రభుత్వము ఖాదీ విషయమున అమ్మకముపై రిబేటునకు మారుగా, ఉత్పత్తి విలువపై నూటికి ఇరువది వంతున సహాయమిచ్చు పద్ధతిని తెచ్చినది. ఏ తగ్గింపునకైనను నిరీక్షించువారు ఒకరుందురు; ఆ ఒకరు ఎవరు అన్నదే విచారింపదగినది. చాలమారులు వారు అడుగు వెనుకనున్న బలహీనులే యగుచున్నారు.

ఇక మనము చేయదగినది. మొదట, ఇట్టి ప్రకటన చూచినప్పుడు పెద్ద అంకెను చేతితో మూసి, అంగడిలో ఇయ్యవలసిన అంకెను మాత్రమే చూడుడు. ఆ ధరకు ఆ వస్తువు మనకు కావలయునా, ఆ డబ్బు మనయొద్ద నున్నదా అని తలచుకొనుడు. తిరిగివచ్చు సొమ్మును నమ్మి అప్పు చేయరాదు. రెండవది, “ఆ పిమ్మట ఇచ్చు వేయిలో నాలుగువందలు ఇప్పుడే తగ్గింతురా?” అని అంగడివారిని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలదు, పై లెక్క చదివినవారికి ఆ నాలుగువందలు ఎక్కడివో తెలియును. మూడవది, కొన్ననాడే పత్రము పూరింపుడు. బిల్లు ఎవరి పేర నుండవలెనో డబ్బు చెల్లింపకముందే చెప్పుడు. బ్యాంకు పుస్తకములో పేరు ఎట్లున్నదో అక్షరము తప్పక అట్లే వ్రాయింపుడు. పెట్టెను పిల్లలకిచ్చుటకు ముందు ఆ గీతల ముక్కను కత్తిరింపుడు. పంపిన ప్రతి కాగితమునకు నకలు ఉంచుకొని, చేరినట్లు రసీదు దొరకునట్లు పంపుడు.

నాల్గవది, నిబంధనల ప్రకారము పంపియు సొమ్ము రానిచో ఊరకుండవలదు. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, ఇయ్యవలెనను ఉద్దేశము లేకయే కానుకలు, బహుమతులు మొదలగునవి ఇచ్చెదమని ప్రకటించుటను అన్యాయపు వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. ఐదు లక్షల రూపాయలలోపు వెలకు కొన్న వస్తువుల విషయమున జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయుటకు రుసుము లేదు. కాని గడువు దాటినవారికి ఈ దారి ప్రయోజనపడదు. మా కథయే అందుకు సాక్షి.

ఐదవది, మనలో చదివినవారికి మాత్రమే. ఇరుగుపొరుగు వారెవరైనను కాగితము తెచ్చి చదివి పెట్టుమన్నచో, పెద్ద అక్షరములు చదివి పంపివేయక, చిన్నవానిని గూడ చదువుడు. చదువుట యనగా కడవరకు చదువుటయని మా నాన్నగారు కావ్యములు చెప్పునప్పుడు అనెడివారు. అర్థము తెలియని చోటును దాటి పోరాదనియు చెప్పెడివారు. ఆ దినము మేము దాటి పోయిన చోటు వెల వేయి రూపాయలు.

ఆ సొమ్ము ఆమెకు మేమిచ్చుట న్యాయమని తోచి, దసరాకు ధర్మవరము పోయినప్పుడు ఒక కవరులో పెట్టి ఇచ్చితిమి. ఆమె పుచ్చుకొనలేదు. బదులు తెచ్చిన వేయిని కుమార్తె రవికల కూలితో అప్పటికే తీర్చివేసినది. మేము బలవంతము చేయగా, “మీరు చెప్పినది మా మంచికే గదా అక్కా. చేతిలో పెట్టినదే తగ్గింపని ఇప్పుడు తెలిసినది” అని, మా రవికగుడ్డ ఒకటి తీసికొని లోపలికి పోయినది. ఆ కవరులోనిది చివరకు ఆ యింటి పిల్లవాని బడి పుస్తకములకని ఒప్పించి ఇచ్చితిమి. మరుసటి యాషాఢమున కుమార్తెకు ఇస్త్రీపెట్టె కొనబోయి, అంగడివాడు చూపిన ఐదువందల చీటిని వలదని, బిల్లులోనే రెండువందలు తగ్గింపించుకొని వచ్చినదట.

హిందూపురమున మా వంటింటి గూటిలో ఇప్పుడొక పాత బిస్కత్తుల డబ్బా ఉన్నది. ఏ వస్తువు ఇంటికి వచ్చినను దాని బిల్లును, నల్లగీతల ముక్కయును అందులో పడవలెను. మావారు దానికి “శకుంతల ఉంగరము” అని పేరు పెట్టి నవ్వుదురు. నవ్విన నవ్వుదురు గాక. డబ్బా మూతపై గడువు తేదీలను వ్రాయుచున్నది వారే.